ఎనిమిదో కాటా

పోయిన నెలలో ఇంటికి రంగులు వేయించే పని పెట్టుకుని, అటక మీది సామాను ఒక్కొక్కటే కిందికి దించుతుంటే, పాత గోనెపట్టాలో చుట్టి తాడుతో కట్టిన ఒక ఇనప్పెట్టె బయటపడింది. ఆఫీసు పని మీద గుంటూరు వచ్చి రెండు రోజులు మా ఇంట్లో దిగిన నా మేనకోడలు, అంటే అక్కయ్య కూతురు, అది పాతకాలపు కంప్యూటరని చూడగానే పోల్చుకుని, నేను వద్దంటున్నా వినకుండా మరలు విప్పి మూత తీసింది. తీసిన మరుక్షణం మూడు తుమ్ములు తుమ్మింది. ఏమైందోనని వంటింట్లోంచి వచ్చిన నా భార్య రెండు తుమ్మింది, నేను ఒకటి. అటకెక్కి పదకొండేళ్ళయినా, ఫ్యాను రెక్కల మధ్య పేరుకున్న మిరపపొడిలో ఆరు తుమ్ములకు సరిపడా ఘాటు ఇంకా మిగిలే ఉంది.

“మామయ్యా, ఇది కంప్యూటరా, కారం మిల్లా?” అంది ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ. మూత లోపలి వైపు నేను మైదాపిండితో అంటించిన కాగితం ముక్క ఒకటి ఉంది. దాని మీద నా చేతిరాతతోనే ‘పదికి ఒకటి’ అని ఉంది. అదేమిటని అడిగితే, భోజనాలయ్యాక చెబుతానన్నాను.

ఆ భోజనాల దగ్గరే ఆ అమ్మాయి హైదరాబాదులో చేసే ఉద్యోగమేమిటో నాకు మొదటిసారి సరిగ్గా అర్థమైంది. రోజంతా ఒకే ఒక్క పని చేసే పెద్ద సర్వర్ల కోసం, ఆ పనికి అక్కర్లేనివన్నీ వొలిచేసి, దాని కొలతలకు ప్రత్యేకంగా ఆపరేటింగ్ సిస్టములు తయారు చేసే బృందంలో ఉందట. అలాంటిదొకటి నేనూ వాళ్ళ నాన్నా, అంటే మా బావ, కలిసి ఒక రేకుల గదిలో చేశామని, పప్పు కలుపుకుంటూ చెప్పాను. ముందు నవ్వింది. తరవాత నా ముఖం చూసి నవ్వు ఆపేసింది.

నేను చదివింది డిగ్రీ రెండో సంవత్సరం దాకా, అదీ లెక్కల్లో తప్ప మిగతా అన్నిట్లో తప్పుతూ. కంప్యూటరు నాకు ఎవరూ నేర్పలేదు. గుంటూరులో పాత పుస్తకాలమ్మే చోట అట్ట చిరిగిన లావుపాటి పుస్తకమొకటి దొరికింది, అందులో మొదటి నూట పది పేజీలు లేవు. లేని పేజీల్లో ఏముండి ఉంటుందో ఉన్న పేజీలను బట్టి ఊహించుకోవలసి రావడం వల్లనే నాకు ఆ విద్య పట్టుబడిందని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. మీలో నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరున్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్ళేవాళ్ళం, తెర మీద గుడ్డ కప్పేవాళ్ళం, అది మొరాయిస్తే ఒకసారి ఆపి మళ్ళీ పెట్టేవాళ్ళం. అలా ఆపి పెట్టడం కాకుండా, అది ఎందుకు మొరాయించిందని అడిగే అలవాటు నాకు లెక్కల వల్ల వచ్చింది.

మా బావ పొన్నూరులో రేడియోలు బాగుచేసే దుకాణం నడిపేవాడు. ఇరవై రెండేళ్ళ కిందట ఆ దుకాణం మూసేసి, చిలకలూరిపేట పోయే దారిలో ఉన్న ఒక ప్రైవేటు మిర్చి యార్డులో కంప్యూటర్లు పెట్టే పని ఒప్పుకున్నాడు. ఆ యార్డు ఇప్పుడు లేదు. నన్ను కూడా రమ్మన్నాడు. చేతిలో ఒక్క సర్టిఫికెట్టు లేనివాణ్ణి నమ్మి పని అప్పజెప్పిన మొదటి మనిషి మా బావ. అందుకే ఆ యార్డులో గడిచిన ప్రతి రోజూ నాకు పరీక్ష రోజులాగే ఉండేది.

యార్డు పని తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను. అక్కడ మిర్చి సంచిని టిక్కీ అంటారు. రైతు లారీ దించాక, కొనేవాళ్ళు వచ్చి కాయ చూసి రేటు చెబుతారు, తరవాత టిక్కీలు కాటాకెక్కుతాయి, బరువు కంప్యూటర్లోకి పోతే చీటీ బయటికి వస్తుంది. చీటీ రానిదే హమాలీ ఆ టిక్కీని కాటా మీద నుంచి కదపడు. మొత్తం ఎనిమిది కాటాలు. ఏడింటి మీద ఎర్రకాయ. ఎనిమిదోది ప్రహరీ గోడ పక్కన, యార్డుకి ఆ చివర, తాలు కాయ కోసం. రంగు పోయి తెల్లబారిన కాయను తాలు అంటాం. కూలికి పోయిన చేలల్లో చివరి కోత తరవాత మిగిలింది ఏరుకుని, ఒకటో రెండో టిక్కీలు చేసి తెచ్చుకునేవాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళు, ఆ కాటా దగ్గర నిలబడేవాళ్ళు.

ఈ ఎనిమిది కాటాలూ, వ్యాపారుల దుకాణాల్లో రేట్లు చూపించే నలభై తెరలూ ఒకే ఒక్క సర్వరుకు కట్టి ఉండేవి. దాచేపల్లి వైపు ఏదో ఆఫీసులో పాతదని తీసేస్తే బావ తెచ్చిన పెట్టె అది. మిగతా వేళల్లో బాగానే నడిచేది గాని, మార్చి నెలలో తొమ్మిదింటి నుంచి పదకొండింటి దాకా అన్ని కాటాలూ, అన్ని తెరలూ ఒక్కసారిగా అడిగేసరికి ఊపిరాడక తెరలన్నీ బిగుసుకుపోయేవి. ఎండలో రైతులు నిలబడిపోయేవాళ్ళు, టిక్కీ లెక్కన కూలి తీసుకునే హమాలీలు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆ సీజను చివర యార్డు ప్రెసిడెంటుగారు బావను పిలిచి ఒకే మాట చెప్పారు. వచ్చే సీజనులో ఒక వారం చూస్తారు, ఆ వారంలో మిషను ఒక్కసారి ఆగినా తీసుకుపోవలసిందే, మళ్ళీ చేత్తో రాసే చీటీలే. పొన్నూరు దుకాణం బావ అప్పటికే మూసేశాడు, నాకు వెనక్కి పోవడానికి దుకాణం కూడా లేదు.

ఎందుకు ఆగుతోందో నాకు కొంత తెలుసు. ఆపరేటింగ్ సిస్టమనేది కంప్యూటరు లోపల ఉండే పెత్తందారు. ఎవరికి మెమరీ ఇవ్వాలి, ఎవరి వంతు ఎప్పుడు, డిస్కు మీద ఎవరు రాయాలి, అన్నీ అది చూస్తుంది. అయితే మేం వాడిన సిస్టమును చేసినవాళ్ళు ప్రపంచంలో ఎవరికి ఏం కావలసి వస్తుందోనని అన్ని పనులూ నేర్పి పంపారు. బొమ్మలు చూపించడం, పాటలు వినిపించడం, పదిమందికి పది పాస్‌వర్డు తాళాలు ఇవ్వడం, అన్నీ. మాకు కావలసింది ఒక్కటే, బరువు లోపలికి, చీటీ బయటికి. పైగా కాటా నుంచి వచ్చిన బరువు ముందు సిస్టము చేతిలో పడి, అది దాన్ని నకలు తీసి మా ప్రోగ్రాముకిచ్చి, మా ప్రోగ్రాము మళ్ళీ నకలు తీసి డిస్కుకిమ్మని సిస్టముకే ఇచ్చి, ఇలా ఒక్క చీటీ కోసం నాలుగు చోట్ల నాలుగు నకళ్ళు.

దీనికి విరుగుడు నాకు పుస్తకంలో దొరకలేదు, హమాలీల దగ్గర దొరికింది. వాళ్ళ మేస్త్రీ అరవైకి దగ్గరపడిన మనిషి, చర్చిలో పెద్ద, ఆదివారం తెల్లచొక్కా, మిగతా ఆరు రోజులూ భుజాన ఎర్రబడ్డ తువ్వాలు. యార్డు మొత్తానికీ బాబాయే. ఆయన పద్ధతిలో లారీ మీద నుంచి వీపుకెక్కిన టిక్కీ కాటా మీదే దిగాలి, మధ్యలో నేల తగలకూడదు. నేను నోటుబుక్కు పట్టుకుని కాటాల పక్కన అరుగు మీద నాలుగు రోజులు కూర్చుని, ఒక్కో టిక్కీ ఎన్ని వీపులు మారుతోందో, ఎన్ని అడుగులు పడుతున్నాయో రాసుకున్నాను.

“ఏరా అబ్బాయ్, మా అడుగులు లెక్కపెడితే నీ మిషను పరిగెత్తుద్దా?” అన్నాడు బాబాయ్.

పరిగెత్తుతుందన్నాను.

“అయితే నా గురక కూడా లెక్కపెట్టు, ఎగురుద్ది” అన్నాడు. వెనకున్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. మధ్యలో ఎందుకు దించరని అడిగితే, “దించినోడే మళ్ళీ ఎత్తాలంటే ఎవడు దించుతాడ్రా?” అన్నాడు. అంతే. వచ్చిన బరువు మెమరీలో ఎక్కడ పడితే అక్కడే ఉండాలి, దాన్ని ఎవరూ ఎత్తి పక్కన పెట్టకూడదు, ఎక్కడుందో చిరునామా మాత్రమే చేతులు మారాలి అని నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుని, ఆ వానాకాలమంతా అదే పని మీద ఉన్నాను.

ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో చిన్న కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టముకు గుండెకాయ లాంటిది, ఒకటి దొరికింది. దాని లోపలిదంతా చదువుకోవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు. దాన్ని విప్పి, ఒక్కో భాగం ముందు కూర్చుని, ఇది చీటీ తీయడానికి పనికొస్తుందా అని అడిగేవాణ్ణి, రాదంటే తీసేసేవాణ్ణి. తాళాలు పోయాయి, బొమ్మలు పోయాయి. ఎవరి వంతు ఎప్పుడని చూసే భాగం కూడా పోయింది, ఉన్నది ఒక్క ప్రోగ్రామే గనుక వంతులెందుకని. ఎవరైనా పిలిస్తే లేచి చూసే పద్ధతి కూడా తీసేసి, ప్రాసెసరే ఆగకుండా తిరుగుతూ ఏ కాటా దగ్గర ఏముందో చూసుకునేలా రాశాను. నిద్ర లేకుండా తిరిగే ప్రాసెసరుకు ఒళ్ళు కాలిపోతుంది గనుక, బావ కిటికీకి గోనెపట్టా కట్టి గంటగంటకీ నీళ్ళు చల్లేవాడు. నా ఆపరేటింగ్ సిస్టములో అదొక భాగమని ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. చివరికి మొత్తం ఒక ఫ్లాపీలో సరిపోయింది. మొదటిసారి అది సొంతంగా లేచి తెర మీద ఒక్క అక్షరం చూపించిన సాయంత్రం, బావ యార్డు గేటు దాకా పరిగెత్తి ఎనిమిది మిర్చి బజ్జీలు తెచ్చాడు, ఐదు నాకే పెట్టాడు.

ఎవరిది ముందు చూడాలనే దానికి మాత్రం నేను యార్డు ఆనవాయితీనే తీసుకున్నాను. కొనేవాళ్ళు ముందు ఎర్రకాయ చూస్తారు, తరవాత రేట్ల తెరలు చూసుకుంటారు, తాలు చివర చూస్తారు. నా సిస్టమూ అంతే. ముందు ఏడు కాటాలు, వాటిలో ఏమీ లేకపోతే నలభై తెరలు, అక్కడా ఏమీ లేకపోతే ఎనిమిదో కాటా. వంద చీటీల్లో తాలువి పదికి మించేవి కావు, కాబట్టి లెక్క సరిపోయిందనుకున్నాను.

ఆ పరీక్ష వారం రానే వచ్చింది. మొదటి నాలుగు రోజులు నా జీవితంలో మళ్ళీ రాలేదు. పోయిన ఏడాది రద్దీ వేళ ఒక చీటీకి సగటున పద్నాలుగు సెకన్లు పడితే, ఇప్పుడు సెకనులోపే. చీటీ యంత్రాలు ఏడు చోట్ల వడ్రంగిపిట్టల్లా టకటకలాడుతుంటే, బావ ఆ చప్పుడు వింటూ పనేమీ లేకపోయినా యార్డంతా తిరిగేవాడు. ప్రెసిడెంటుగారు కూడా ఒకసారి గదిలోకి తొంగిచూసి తలూపి వెళ్ళారు.

ఐదో రోజు పదింటికి యార్డు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. తెర చూశాను, అంతా నడుస్తోంది, సగటు సెకనులోపే. బయటికొచ్చి చూస్తే హమాలీలంతా ఎనిమిదో కాటా దగ్గర కూర్చుని ఉన్నారు. బాబాయ్ ఒక తాలు టిక్కీ మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఆయన వెనక పద్నాలుగు మంది ఆడవాళ్ళు.

“తొమ్మిదింటినించి ఈళ్ళకి ఒక్క చీటీ రాలా. అవతల ఏడింటికీ చింపుతానే ఉంది నీ మిషను. నీ లెక్కలో ఈ కాటా లేదా అబ్బాయ్?” అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అడిగాడు.

అంతకుముందు నాలుగు రోజులూ తాలు కాయ వచ్చిందే తక్కువ, వచ్చింది కూడా మధ్యాహ్నం రద్దీ తగ్గాకే వచ్చింది. ఆ రోజు పొద్దున్నే వచ్చింది. మరి తాలు చీటీ రాకపోతే ఎర్రకాయ మోసేవాళ్ళు ఎందుకు కూర్చున్నారో నాకు అర్థం కాలేదు. గదిలోకి పరిగెత్తి, ఏదైనా తెలుస్తుందేమోనని పాత నోటుబుక్కు తీశాను. నా రాతలోనే ఉంది జవాబు. పది వరసలకొకసారి అడుగులు ఒక్కసారిగా రెట్టింపైన వరస ఒకటి, దాన్ని నేనే ఎర్రసిరాతో కొట్టేసి ఉన్నాను. నాలుగు రోజులూ, ప్రతి పదో వరసా. అంత తేడాగా ఉన్నది ఏదో పొరపాటై ఉంటుందని, సగటు చెడిపోతుందని తీసేశాను. అది పొరపాటు కాదు. బాబాయ్ మనుషులు తొమ్మిది టిక్కీలు పెద్ద లాట్లవి మోశాక, పదోది ఆ చివర గోడ దాకా నడిచి తాలు కాటా దగ్గర ఒంటరి టిక్కీ ఒకటి మోసేవాళ్ళు. పదోది కదలందే పదకొండోది ఎత్తరు. వాళ్ళలో వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటది, ఎక్కడా రాసి లేదు, నా నోటుబుక్కులో తప్ప. అక్కడ కూడా నేను కొట్టేశాను.

నలభై తెరలు ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాయి గనుక, రద్దీలో నా ప్రాసెసరు ఎనిమిదో కాటా దాకా ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నత్తనడక నడిచిన పాత సిస్టము కూడా అందరికీ వంతు వేసేది. ఆ వంతు వేసే భాగాన్ని అనవసరమని తీసేసినవాణ్ణి నేనే.

దిద్దడానికి ఐదు వరసలు చాలు. కానీ వాటిని ఫ్లాపీలోకెక్కించి సర్వరును ఆపి మళ్ళీ లేపాలి. “ఆపితే ఆగినట్టే గదరా” అన్నాడు బావ, నీళ్ళ చెంబు అలాగే పట్టుకుని. ఊరుకుంటే మధ్యాహ్నానికి రద్దీ తగ్గి అదే సర్దుకుంటుంది, మిషనూ ఆగదు, మా పనీ పోదు. చెంబు కింద పెట్టి, పోయి చెప్పమన్నట్టు బావే తలుపు వైపు చూపించాడు.

వెళ్ళి బాబాయ్‌కి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తప్పు నాది, మిషను ఆపితేగాని సరికాదు, ఆపితే ప్రెసిడెంటుగారు మమ్మల్ని పంపించేస్తారు. “ఎంతసేపు?” అన్నాడు బాబాయ్. ఇరవై నిమిషాలన్నాను. “టీకి సరిపోద్ది, పో” అన్నాడు.

నేను గదిలో చెమటలు కక్కుతూ ఆ ఐదు వరసలూ కొడుతుండగా కిటికీ అవతల ప్రెసిడెంటుగారి గొంతు వినిపించింది.

“ఏం మేస్త్రీ, మిషను మళ్ళీ పడుకుందా?”

“మిషను కాదండి, మేం పడుకున్నాం. ఎండ చూశారా? టీ తాగి లేస్తాం.”

“పదింటికే టీ ఏంటయ్యా?”

“తమరు కూడా ఒక గ్లాసు తీసుకోండి. ఒరేయ్, ప్రెసిడెంటుగారికి పంచదార తగ్గించి పట్రా!”

పద్దెనిమిది నిమిషాలకు, దుకాణాల తెరల మీద రేట్లు మారడం లేదని ఎవరూ గమనించకముందే, సర్వరు లేచింది. ప్రతి పది చీటీలకు ఒకసారి, ఎవరు ఎంత గోల పెడుతున్నా సరే, ఎనిమిదో కాటా వైపు చూసి తీరాలని అందులో రాశాను. మొదటి చీటీ అందుకున్న ముసలామె దాన్ని మడిచి కొంగున ముడేసుకుని, నా వైపు చూడకుండానే వెళ్ళిపోయింది. నా సగటు మాత్రం కొద్దిగా పెరిగింది. ఆ వారం చివర ప్రెసిడెంటుగారు బావ చెయ్యి పట్టుకుని ఊపి, మిషను ఒక్కసారి కూడా ఆగలేదని అందరి ముందూ అన్నప్పుడు, వెనక నిలబడ్డ బాబాయ్ ఆకాశం వైపు చూస్తూ తువ్వాలు దులుపుకున్నాడు.

తరవాతెప్పుడో ఒక మధ్యాహ్నం ఆయన చెప్పులు విడిచి గదిలోకొచ్చి, ఆ కాటా ఇందులో ఎక్కడుందో చూపించమన్నాడు. తెర మీద ఐదు వరసలు చూపించాను. వేలు పెట్టి ఒక్కో వరసా తడిమి, “ఇంతేనా? ఇంతదానికి అంత లావు పుస్తకమా?” అన్నాడు. ఆ సాయంత్రమే కాగితం మీద ‘పదికి ఒకటి’ అని రాసి పెట్టె మూతకు అంటించాను. ఆ పెట్టె పదకొండు సీజన్లు నడిచింది. తరవాత యార్డు మూతపడింది, బావ మోకాళ్ళ నొప్పులతో పొన్నూరు చేరాడు, బాబాయ్ పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు పెద్ద షెడ్లలో టిక్కీలు రబ్బరు పట్టీల మీద వాటంతటవే పోతున్నాయి, పట్టీకి పదోది ఏదో తెలియదు.

ఇదంతా విని నా మేనకోడలు లేచి వెళ్ళి ఆ కాగితం మీది అక్షరాలు మళ్ళీ ఒకసారి చదువుకుంది. తామిప్పుడు సగటు చూసి ఊరుకోరని, అందరికంటే ఎక్కువసేపు వేచినవాడికి ఎంతసేపు పట్టిందో విడిగా కొలుస్తారని, అది తగ్గే దాకా పని పూర్తయినట్టు కాదని చెప్పింది. నాకు చాలా సంతోషమైంది. బాబాయ్ ఉంటే చెప్పేవాణ్ణి. వెళ్ళేముందు ఆ కాగితం ఊడదీసుకుపోతానంటే, అది పెట్టెతోనే ఉండాలని చెప్పి, ఫోటో తీసుకోనిచ్చాను.

ఆ అమ్మాయి వెళ్ళాక పెట్టె తుడిచి మూత బిగిస్తూ అనుకున్నాను, ఆ పిల్ల చేసే సర్వర్లు ఎక్కడుంటాయో ఆ పిల్లకే తెలియదట, ఏదో దేశంలో, ఏదో చల్లటి గదిలో. ఈ రోజుల్లో ఫోనులో ఏదైనా అడిగితే అప్పుడప్పుడు తెర మీద ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉండిపోతుంది. అలా తిరుగుతున్నప్పుడల్లా, నేను ఎవరి ఎనిమిదో కాటా దగ్గర నిలబడి ఉన్నానా అనిపిస్తుంది. ఇప్పటి యంత్రాలు మా పెట్టె కంటే ఎన్ని వేల రెట్లు వేగమో కాగితం, పెన్సిలు ఇస్తే లెక్కగట్టి చెప్పగలను. వాటి ముందు ఎక్కడికి వెళ్ళి కూర్చుంటే, చేసినవాడు గదిలోంచి బయటికొచ్చి చూస్తాడో మాత్రం నాకు తెలియదు.